అక్వేరియమునకు పేరు నిలిపిన ఫిలిప్ హెన్రీ గాస్

గాజుతొట్టిలో నీరు నింపి, ఇసుక పరచి, నీటిమొక్కలు నాటి, అందు చిన్నచేపలను పెంచుట నేడు మన పట్టణములలో సామాన్యమైన వేడుక. వైద్యశాలలలోను, అంగళ్లలోను, మిత్రుల యిండ్లలోను ఇట్టి తొట్టిని చూడని విద్యార్థి అరుదు. దానిని అక్వేరియమని అందరును పిలుతురు. ఈ పదము లాటినుభాషలోనిది. పూర్వము రోమకులు పశువులు నీరు త్రాగు స్థలమును ఈ పేర పిలిచెడివారు. నీటిజీవులును నీటిమొక్కలును కలసి బ్రతుకు గాజుతొట్టికి ఈ పేరు స్థిరపడునట్లు చేసినవాడు ఫిలిప్ హెన్రీ గాస్ అను ఆంగ్లేయ ప్రకృతిశాస్త్రజ్ఞుడు. తొట్టిని కొనితెచ్చిన వారములోనే చేపలు చచ్చినవని విచారపడు బాలురును, పట్టుదలతో మరల ప్రయత్నించు బాలురును ఇతని చరిత్రమును తెలిసికొనదగినవారు.

గాస్ 1810 వ సంవత్సరము ఏప్రిల్ 6 వ తేదీన ఇంగ్లాండులోని వూస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి థామస్ గాస్ ఊరూర తిరుగుచు చిన్న చిన్న చిత్తరువులు వ్రాసి జీవించు చిత్రకారుడు. అట్టి వృత్తిలో రాబడి స్వల్పము. ఇల్లు గడపుభారము తల్లిపైననే పడెను. ఆ కుటుంబము దక్షిణ సముద్రతీరమునందలి పూల్ అను రేవుపట్టణములో కాపురముండెను. తండ్రివలన బాలునకు కుంచె పట్టుట అబ్బెను. సూసన్ బెల్ అను మేనత్తవలన జంతువులయందు ప్రీతి అబ్బెను. రేవులోని రాళ్లకు అంటుకొని పువ్వులవలె విచ్చుకొను సముద్రజంతువులను, అనగా మనము సముద్రపుష్పములనదగిన వానిని, ఆమెయే ఇతనికి మొదట చూపెను. ఆమె కుమారుడగు థామస్ బెల్ తరువాత గొప్ప జంతుశాస్త్రజ్ఞుడై, గాస్‌కు సమయమున తోడ్పడెను.

పెద్దచదువులు చదివించుటకు ఇంటిలో ధనము లేకపోయెను. పదునైదవయేట గాస్ ఒక వర్తకుని కచ్చేరిలో గుమాస్తాగా చేరెను. పదునేడవయేట, 1827 లో, అట్లాంటికు మహాసముద్రమును దాటి న్యూఫౌండ్లాండు ద్వీపమునందలి కార్బొనియరు రేవునకు పోయెను. అచట చేపల వర్తకము చేయు కంపెనీలో ఖాతాలు వ్రాయుట ఇతని పని. ఎనిమిది సంవత్సరములు ఆ చలిదేశమున గడపెను. 1832 లో సూక్ష్మదర్శినినిగూర్చిన ఒక పాతపుస్తకము చేతికి దొరకెను. నాటినుండి ఇతడు పురుగులను పట్టుచు, పరీక్షించుచు, వానిని రంగులతో చిత్రించుచు, ఎన్నడు ఏ చోట ఏది కనబడినదో తేదీలతో వ్రాసికొనుచు వచ్చెను. ఇతనికి గురువు లేడు. చుట్టుప్రక్కల ఈ విద్య తెలిసినవాడును లేడు. ఆ సంవత్సరమే సోదరికి జబ్బుచేసినదని వార్త రాగా, ఇతని మనస్సు దైవభక్తివైపు గట్టిగా తిరిగెను. అప్పటినుండి ప్రకృతిని చూచు కన్నును, వేదగ్రంథమును చదువు కన్నును ఇతనికి ఒక్కటే. అందువలన తరువాతికాలమున ఇతనికి కలిగిన క్షోభయు చిన్నది కాదు.

1835 లో కెనడాకు పోయి మూడేండ్లు వ్యవసాయము చేసెను. భూమి ఫలింపలేదు, నోటుపుస్తకములు మాత్రము నిండెను. 1838 లో అమెరికా దక్షిణభాగమునందలి అలబామా రాష్ట్రమున ప్రత్తితోటల యజమానుల పిల్లలకు కొన్ని నెలలు పాఠములు చెప్పెను. అచట సీతాకోకచిలుకలు కన్నులపండువుగా నుండెను గాని, బానిసలకు జరుగు హింసను చూచి సహింపలేకపోయెను. 1839 లో స్వదేశమునకు తిరిగివచ్చునపుడు ఇతనియొద్ద ధనము లేదు, ఉద్యోగము లేదు. ఓడలో కూర్చుండి వ్రాసిన కెనడాదేశపు ప్రకృతి వర్ణనము మాత్ర ముండెను. మేనత్తకొడుకు సాయముతో అది 1840 లో అచ్చుపడెను. ముప్పదియేండ్ల వయస్సున గాస్ గ్రంథకర్తయయ్యెను. లండనుచెంత హాక్నీలో చిన్న పాఠశాల పెట్టి, తరువాత దానిని విడిచి, 1844 మొదలు 1846 వరకు జమైకాద్వీపమున పక్షులను శోధించెను. రిచర్డు హిల్ అను జమైకావాసి ఆ కార్యమునందు మిక్కిలి సాయపడెను. ఆ ఉపకారమును గాస్ దాచక తన గ్రంథములయందు ప్రకటించెను.

1848 లో ఎమిలీ బౌస్ అను విద్యావతిని వివాహమాడెను. ఆమె స్వయముగా మతవిషయక పత్రికలును పద్యములును వ్రాయునది, చిత్రలేఖనము నెరిగినది. 1849 సెప్టెంబరు 21 వ తేదీన వారికి ఎడ్మండను కుమారుడు పుట్టెను. ఆ దినమున గాస్ తన దినచర్య పుస్తకములో కుమారుని పుట్టుకను, జమైకానుండి ఒక పచ్చని వానకోవెలపిట్ట చేరుటను ఒకచోటనే వ్రాసికొనెను. దీనినిబట్టి ఇతడు హృదయములేనివాడని కొందరు పరిహసించిరి. ఆనాడు జరిగిన రెండు సంగతులను జరిగినట్లు వ్రాసెనేకాని కుమారుని పక్షికి సమానముగా తలచెననుట న్యాయముకాదు.

ఇచట గాస్ కథను కొంత నిలిపి మరియొకని తొట్టిని చూడవలసియున్నది. రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు లండనులో అపాతికరీస్ హాలు అను ఔషధశాలయందు పని చేయుచుండెను. ఇతడు సుమారు 12 గ్యాలనులు పట్టు గాజుపాత్రను తీసికొని, సగమువరకు ఊటనీరు పోసి, అడుగున ఇసుకయు బురదయు పరచి, రాళ్లు పేర్చి, వల్లిస్నేరియా అను మొక్కను నాటి, రెండు చిన్న బంగారుచేపలను విడిచెను. ఈ మొక్క పట్టీలవంటి పొడుగాటి ఆకులు గలది. మన దేశపు చెరువులలోను కాలువలలోను కూడ పెరుగును. చేపలు ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుచును. మొక్క వెలుతురులో దానిని గ్రహించి ప్రాణవాయువును విడుచును. కాబట్టి ఒకదానివలన ఒకటి బ్రతుకవలెనని వారింగ్టను అభిప్రాయము. కాని కొలదిదినములలోనే ముదురాకులు క్రుళ్లి నీరు మసకబారెను, గాజునకు పచ్చని నాచు పట్టెను. అంతట నతడు ఐదారు చెరువునత్తలను తెచ్చి వేసెను. అవి క్రుళ్లిన ఆకులను, నాచును తినివేసెను. అవి పెట్టిన గ్రుడ్లు చేపలకు ఆహారమయ్యెను. నీరు తేటపడెను. ఈ సంగతిని 1850 లో రసాయన శాస్త్ర సంఘమువారికి తెలియజేసెను. నీరు మార్చకయే చేపలు చిరకాలము బ్రతికిన ఆ పాత్రయే నేటి మంచినీటి అక్వేరియమునకు మాతృక యనవచ్చును. అప్పటిదాక బంగారుచేపను గుండ్రని గిన్నెలో నుంచి, దినదినము నీరు పారబోసి, అది చచ్చినచో మరియొకటి కొనుటయే వాడుక.

ఆ కాలమున గాస్ కూడ సూక్ష్మదర్శినిలో చూచుటకై చెరువునీటి చిన్నప్రాణులను నీటిమొక్కలతో గూడ గాజుపాత్రలలో నుంచుచుండెను. రాత్రింబవళ్లు పుస్తకములు వ్రాసి, కంటిని సూక్ష్మదర్శినికి ఆనించి చూచుటచేత తలనొప్పియు అజీర్ణమును ముదిరి, 1852 జనవరిలో వైద్యుల సలహాపై డెవనుషైరు సముద్రతీరమునకు సకుటుంబముగా వెళ్లెను. రోగము పోగొట్టుకొనుటకు వెళ్లినవాడు అచట తన జీవితకార్యమును కనుగొనెను. అల వెనుకకు తీసినపుడు రాతిగుంటలలో నిలిచిన నీటిలోనికి మోకాళ్లమీద వంగి గంటలకొలది చూచెడివాడు. మంచినీటిలో మొక్కయు చేపయు ఒకదాని నొకటి పోషించుకొనునట్లు, ఉప్పునీటిలో సముద్రపు నాచును సముద్రజంతువులును పోషించుకొనవా యని ప్రయత్నించి సాధించెను. వారింగ్టనును అదే సంవత్సరము అదే పనిని లండనులో చేయుచుండెను. ఈ విద్యకు మూలపురుషు డొక్కడే యనుట తగదు. 1832 ప్రాంతమున సిసిలీద్వీపమున జాన్ విల్‌ప్ర్యూ పవర్ అను ఫ్రెంచివనిత సముద్రజీవులను గాజుతొట్టెలలో నుంచి శోధించెను. 1846 లో అన్నా థిన్ అను నామె పగడపుజాతి జీవులను లండనునకు తెచ్చి, పనిమనిషిచేత నీటిని కిటికీయెదుట ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి పోయించుచు బ్రతికించెను. ఆ పనిమనిషి పేరును ఎవరును వ్రాసియుంచలేదు.

లండను జంతుప్రదర్శనశాలవారు గాస్ ప్రయత్నమును విని ఆదరించిరి. ఇతడు తీరమునుండి పంపిన జీవులతో 1853 మే నెలలో అచట చేపలశాల తెరువబడెను. లోకములో ప్రజలకు చూపబడిన మొదటి అక్వేరియ మదియే. 1854 లో ది అక్వేరియం అను గ్రంథమును, తానే చిత్రించిన రంగుబొమ్మలతో గాస్ ప్రకటించెను. అది వెంటనే అమ్ముడుపోయెను. ఇంగ్లాండులో గాజుపై సుంకము 1845 లో తీసివేయబడుటచేత గాజు చౌకయై యుండెను. రైలుబండ్లు సముద్రతీరమునకు పోవుచుండెను. ధనవంతుల ఇండ్లలో నెల్ల గాజుతొట్లు వెలసెను. సముద్రమునకు దూరముననున్నవారికై గాస్ కృత్రిమముగా ఉప్పునీరు చేయు పద్ధతిని కూడ తెలిపెను: వంటయుప్పు, ఎప్సము ఉప్పు, మెగ్నీషియము పొటాషియముల క్లోరైడులు, ఇవి తగిన పాళ్లలో మంచినీట కలుపుట. కాని జీవులను వెంటనే వేయరాదు; ముందు నాచును వేసి, కొన్నాళ్లు ఆగి, పిదపనే జంతువులను విడువవలెను.

ఈ ఆగుటయే మన బాలురకు కష్టమైన భాగము. గాస్‌కును వారింగ్టనునకును తెలియని కారణమొకటి తరువాత తెలిసినది. చేపల మలమూత్రములనుండియు మిగిలిన తిండినుండియు అమ్మోనియా పుట్టును. అది కొంచెమైనను చేపలకు విషము. కంటికి కానరాని ఒకజాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మరియొకజాతి దానిని నైట్రేటుగా మార్చును; ఇది అంత చెరుపు చేయదు, మొక్కలకు ఎరువగును. ఈ మార్పు రెండు మెట్లుగా జరుగుటను పొలముల మట్టిలో శోధించినవారిలో ముఖ్యుడు, వారింగ్టను కుమారుడే. తండ్రి పేరే గల ఈ రాబర్టు వారింగ్టను రోతామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రమున ఆ కృషి చేసెను. 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు ఆ సూక్ష్మజీవులను వేరుచేసి చూపెను. తండ్రి తొట్టిలో తెలియక బ్రతికించిన జీవులను కుమారుడు నేలలో వెదకెనన్నమాట. క్రొత్తతొట్టిలో ఇవి తగినన్ని పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అంతకుముందే చేపలను నింపినచో అవి తమ విసర్జనలలోనే విషమెక్కి చచ్చును. అంగడివానిని నిందించి ప్రయోజనము లేదు.

కాబట్టి తొట్టి పెట్టదలచినవారు ఇట్లు చేయుదురుగాక. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతుగల తొట్టి చాలును. నిండినపుడు నీటి బరువే 50 కిలోగ్రాములకు మించును గనుక గట్టి బల్లపై, ఎండ నేరుగా పడనిచోట ఉంచవలెను. పొడుగుగా సన్ననగు పాత్రకన్న వెడల్పైనది మేలు. ఏలయన గాలి నీటిలో కరగునది పైభాగమునుండియే. ఇసుకను నీరు తేటపడువరకు పలుమార్లు కడిగి రెండంగుళముల మందమున పరచి, మొక్కలను నాటి, ఇసుక చెదరకుండ పళ్లెముపై నీరు పోయవలెను. కుళాయినీటిలో క్లోరిను కలిపియుండును. ఒకదినము తెరచిన పాత్రలో నిలిపినచో సాధారణముగా అది పోవును. పిమ్మట చిటికెడు తిండి వేయుచు, లేక పాతతొట్టినుండి గుప్పెడు ఇసుక తెచ్చి వేసి, వారములకొలది వేచియుండవలెను. పిదప రెండుమూడు చేపలను, పరిగెలనో గప్పీలనో, వేయవలెను. వానిని తెచ్చిన సంచిని పావుగంటసేపు నీటిపై తేలనిచ్చి, వేడి సమానమైనపుడు విడువవలెను. అవి కుదుటబడిన తరువాత మరి రెండుమూడు. తిండి రెండు నిమిషములలో తిని ముగించునంత మాత్రమే. వారమునకొకసారి నీటిలో నాలుగవవంతు మార్చవలెను. అంతయు ఒక్కసారి పారబోసి తొట్టిని తోముట పెద్దతప్పు, ఆ సూక్ష్మజీవులు నశించును. బంగారుచేప అందరును కోరునది గాని, అది పెద్దదగును, మిక్కుటముగా మురికిచేయును, చిన్నతొట్టికి తగదు. విసుగుపుట్టినచో పరదేశపు చేపలను చెరువులో విడువరాదు, అవి మన చేపల తిండిని లాగుకొనును.

గాస్ కీర్తి ఈ విధముగా పెరుగుచుండగా 1856 లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. ఆ సంవత్సరమే ఎమిలీకి రొమ్ముకంతి కనబడెను. శస్త్రచికిత్సకు బదులుగా అమెరికానుండి వచ్చిన ఒక వైద్యుని లేపనచికిత్సను వారు ఎన్నుకొనిరి. అది మాసములకొలది దారుణమైన బాధ పెట్టెనేకాని రోగమును మాన్పలేదు. 1857 ఫిబ్రవరిలో ఆమె మరణించెను. కుమారునకు అప్పటికి ఏడేండ్లు. గాస్ ఆ బాలుని వెంటబెట్టుకొని డెవనుషైరునందలి సెంటు మేరీచర్చి గ్రామమున స్థిరపడెను.

ఆ దుఃఖసంవత్సరముననే అతడు ఆంఫలోస్ అను గ్రంథమును ప్రకటించెను. భూమిపొరలును శిలాజములును భూమి అత్యంత ప్రాచీనమైనదని సాక్ష్యమిచ్చుచుండెను. గాస్ ఆ సాక్ష్యమును ఎరిగినవాడు, కాదనలేడు. వేదగ్రంథపు సృష్టికథను అక్షరాల నమ్మినవాడు, దానిని విడువలేడు. దేవుడు ఒక వృక్షమును పెరిగినదానిగనే సృజించినచో దాని మ్రానులో గడవని సంవత్సరముల వలయములుండును గదా, అట్లే భూమియు గడవని యుగముల గురుతులతోనే సృజింపబడినదని అతని సమాధానము. రెండు పక్షములవారును తనకు కృతజ్ఞులగుదురని తలచెను. శాస్త్రజ్ఞులు నవ్విరి, భక్తులు దేవుడు రాళ్లలో అసత్యమును వ్రాసెనా యని బాధపడిరి. అతని గ్రంథములను మెచ్చి పొగడిన చార్లెసు కింగ్స్లీయే ఈ వాదము తన విశ్వాసమునకు హానిచేసినదని అతనికి జాబు వ్రాసెను. అమ్ముడుపోని ప్రతులు చిత్తుకాగితములయ్యెను. ఆ వాదము నిలువదు. భూమి నాలుగువందల కోట్ల సంవత్సరములకు పైబడినదని నేడు నిశ్చయమైనది. అయినను తనకు తెలిసిన సాక్ష్యమును దాచిపెట్టి నెమ్మదిగా నుండుటకంటె, దానిని ఎదుర్కొని ఓడినవానినే మనము గౌరవింపవలెనని నా తలంపు.

మరియొక విచారము తొట్లవలననే కలిగెను. అతని పుస్తకములు చదివిన వేలకొలదిజనులు ఉలులతోను బుట్టలతోను సముద్రతీరములపై పడిరి. అతడు ఏకాంతముగా మోకరించి చూచిన రాతిగుంటలు కొలదియేండ్లలో ఖాళీయయ్యెను. వాని అందమును లోకమునకు తెలిపినవాడే వాని నాశమునకు త్రోవచూపినవాడయ్యెను. ఎడ్మండు గాస్ 1907 లో ప్రకటించిన తండ్రీకొడుకుల చరిత్రమున ఈ సంగతిని, తన తండ్రి పడిన దుఃఖమును తెలిపియున్నాడు. ఎడ్మండు తండ్రిమతమును విడిచి సాహిత్యమున ప్రసిద్ధుడయ్యెను.

గాస్ పని మానలేదు. బ్రిటిషుదీవుల సముద్రపుష్పములనుగూర్చిన గొప్పగ్రంథమును 1860 నాటికి ముగించెను. ఆ సంవత్సరమే ఎలైజా బ్రైట్వెన్ అనునామెను ద్వితీయవివాహ మాడెను. ఆ సాధ్వి ఆ యింటికి తిరిగి వెలుతురు తెచ్చెను. తరువాత ఆర్కిడు పువ్వులను పెంచెను. మిక్కిలి వృద్ధాప్యమున తన యౌవనపు చెరువునీటి పాత్రలను మరల తీసి, నీటిచుక్కలో చక్రములవలె రోమములను త్రిప్పు చిన్నప్రాణులపై హడ్సను అను శాస్త్రజ్ఞునితో కలసి 1886 లో గ్రంథము ప్రకటించెను. శీతకాలపు రాత్రి యొకనాడు కిటికీ తెరచి, దూరదర్శినిని సరిచేయుచు నక్షత్రములను చూచుచుండగా చలితగిలి జబ్బుపడెను. ఆ జబ్బునుండి తేరుకొనలేదు. 1888 ఆగస్టు 23 వ తేదీన, డెబ్బదియెనిమిదవయేట, సెంటు మేరీచర్చిలోని తన యింట మరణించెను.